పదకొండో చేప

మొన్న వాన తప్పించుకుందామని కిల్కెన్నీ ఊళ్ళో వాడేసిన సామాన్లమ్మే ఒక చారిటీ షాపులోకి దూరాను. పాత కోట్ల పక్కన గోడకి ఆకుపచ్చ వల ఒకటి వేలాడుతోంది. మనిషి కన్నా పొడుగు, మధ్య మధ్యలో రింగులు, అడుగు మూసి ఉంది. "పిల్లల బొమ్మలు వేసుకునే సంచీ అనుకుంటా" అంది కౌంటర్లో ఉన్న అమ్మాయి. నేను ఉన్నచోటే కొయ్యబారిపోయాను. అది బొమ్మల సంచీ కాదు తల్లీ, దాని మూలంగా మా నాన్న ఒక రోజంతా దొంగలా తిరిగాడు అని చెబుదామనుకున్నాను. చెబితే మొదట్నుంచీ చెప్పాలి. వాన తగ్గింది, వచ్చేశాను. కానీ కథ మాత్రం నాతోపాటే ఇంటికొచ్చింది.

అప్పుడు నాకు పదేళ్ళు. ప్రతిదానికీ నోరు తెరిచే పిల్లని. ఆ వేసవిలో తెరిచిన నోరు మూయలేదు, మాస్కు ఉండబట్టి ఎవరికీ కనిపించలేదు గానీ. ప్రపంచమంతా మూతపడింది. బడి లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. శాండీఫోర్డ్‌లో ఉన్న ఆఫీసుకి చీకటితోనే బయల్దేరే నాన్న, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో వంటింటి బల్ల దగ్గర మీటింగుల్లో కూర్చునేవాడు. అమ్మ మాత్రం రోజూ బయటికి వెళ్ళేది. అమ్మ నర్సు.

వసంతంలో ఆ జబ్బు అమ్మకీ వచ్చింది. మేడ మీద చిన్న గదిలో రెండు వారాలు తలుపేసుకుంది. నాన్న పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి, మెట్ల దాకా వెనక్కి పరిగెత్తేవాడు. సొంత పెళ్ళాన్ని చూసి మొగుడు పరిగెత్తడం నేను అప్పుడే చూశాను. జ్వరం తగ్గింది, అమ్మ బయటికొచ్చింది, మళ్ళీ డ్యూటీకీ వెళ్ళింది. వాసన, రుచి మాత్రం వెనక్కి రాలేదు.

ఒక వారం కాదు, రెండు కాదు. మూడు నెలలు. ఆవకాయ పెట్టినా, పెరుగు పెట్టినా "గడ్డి తిన్నట్టుందిరా" అనేది. రెండు ముద్దలు తిని లేచిపోయేది. యూనిఫాం వదులైపోయి నడుం దగ్గర పిన్నీసు పెట్టుకునేది. ఒకరోజు పాలు మాడి వంటిల్లంతా పొగ నిండితే, ఆ పొగలోనే నిలబడి ఫోను చూసుకుంటోంది. నేనూ నాన్నా పైనుంచి దగ్గుకుంటూ దిగాం. ఆ రోజు నాన్న మొహం చూసి నాకు భయం వేసింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే నాన్న ఇంగువ డబ్బా మూత తీసి అమ్మ ముక్కు కింద పెట్టేవాడు. ఆ ఘాటుకి పక్కనున్న నేను తుమ్మేదాన్ని.

"ఏమైనా?"

"ఏం లేదండీ."

మూత పెట్టేసేవాడు. ఆ మూత పడిన చప్పుడు విని అమ్మ బూట్లు వేసుకునేది. చాలామందికి మెల్లగా వస్తుందని, కొందరికి రాకపోవచ్చని జీపీ, అంటే మా డాక్టరు, చెప్పారు. ఆ రెండో మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు.

అమ్మా నాన్నా ఇద్దరిదీ కోనసీమే. కాలవ పక్కన పుట్టిన అమ్మకి ఇక్కడి చేప అంటే చిరాకు. "ముల్లు లేని చేప ఏం చేపండీ, దూది ముక్కలు" అనేది, సూపర్ మార్కెట్లో సాల్మన్ ముక్కల్ని చూసి. నాన్నకి ఇదే పట్టుకుంది. ముల్లున్న ఏటి చేప పులుసు నోట్లో పడితే రుచి దానంతటదే వస్తుందని ఒక సిద్ధాంతం తయారు చేశాడు.

"దట్స్ నాట్ సైన్స్, నాన్నా" అన్నాను.

"నీ సైన్సు నీ దగ్గరుంచుకో అమ్మడూ. మూడు నెల్లనించి సైన్సే కదా చేస్తన్నాం."

ఇక్కడే కథలోకి వస్తారు పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటినాయన, పొడుగు మనిషి. ఆ వసంతంలోనే ఆయన భార్య పోయింది. ఈ దేశంలో చావంటే ఇల్లంతా జనం, టీ, శాండ్‌విచ్‌లు. ఆ రోజుల్లో చర్చిలోకి పదిమందినే రానిచ్చేవారు. మిగతావాళ్ళంతా ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడితే, శవం ఉన్న కారు మెల్లగా వీధి దాటింది. ఏం చేయాలో తెలియక నాన్న రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. వెనక కార్లోంచి ఆయన తల తిప్పి చూశారు. తరవాత వారం గోడ మీద రూబార్బ్ అనే పుల్లటి ఎర్ర కాడల కట్ట కనిపించింది. మేము దాన్ని గోంగూరలాగా పప్పులో వేసి, ఒక గిన్నెడు అదే గోడ మీద పెట్టాం. రూబార్బ్‌తో పప్పు చేస్తారని ఆయనకి తెలీదు, తీపి లేకుండా తింటారని అసలు తెలీదు. గిన్నె కడిగి తిరిగి ఇస్తూ "ఇట్ వాజ్ గ్రాండ్" అన్నారు, కళ్ళల్లో నీళ్ళతో. కారం ఎక్కువైంది.

ఆ గోడ మాటల్లోనే ఏరు సంగతి వచ్చింది. ఆయన చిన్నప్పట్నుంచీ ప్రతి వేసవీ ఊరవతల ఏటి దగ్గర గాలం వేస్తారట. బ్రీమ్ అనే చేప పడుతుందట, వెడల్పుగా, ఇత్తడి పళ్ళెం రంగులో.

"ముళ్ళుంటాయా?" అనడిగాడు నాన్న.

"ముళ్ళా? నిండా ముళ్ళే" అన్నారాయన.

నాన్న మొహం వెలిగిపోయింది. ముళ్ళంటే ఈ మనిషికింత సంతోషమేమిటా అని ఆయన ఆశ్చర్యంగా చూశారు. ఆయన అడగలేదు, నాన్న చెప్పలేదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

జిల్లా దాకా తిరగొచ్చని వదిలిన మొదటి శనివారం బయల్దేరాం. ఒకే కార్లో కూర్చోకూడదు కాబట్టి ముందు ఆయన కారు, వెనక మాది. బయల్దేరే ముందు ఆయన తన ఫ్రిజ్ తెరిచి వెన్న డబ్బా ఒకటి తీసి గోడ మీద పెట్టారు. నేను మూత తీశాను. లోపల తెల్లవీ ఎర్రవీ పురుగులు, డబ్బా నిండా, కదులుతూ. నా కేకకి ఎదురింటి కుక్క మొరిగింది. తినే ఫ్రిజ్‌లో పురుగులు! ఎర కోసమేనని ఆయన నవ్వారు.

నాన్న దగ్గరా ఎర ఉంది. బియ్యప్పిండి, వేయించిన పల్లీల పొడి, బెల్లం, అందులో చెంచాడు ఇంగువ కలిపి ముద్ద చేశాడు. ఊళ్ళో వాళ్ళ మావయ్య అలాగే చేసేవాడట. ఏటి ఒడ్డున డబ్బా మూత తీయగానే ఇరవై అడుగుల దూరంలో ఉన్న పెద్దాయన మాస్కు మీంచి ముక్కు పట్టుకున్నారు.

"దేవుడా, ఏం చచ్చింది?"

"మా వంటింటి సెంటండీ" అన్నాడు నాన్న ఇంగ్లీషులో, గర్వంగా.

ఏరు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నేననుకోలేదు. నీళ్ళు కదులుతున్నాయో లేదో తెలియదు. పసుపు తామరలు, అంచున రెల్లు, అవతలి ఒడ్డున మా వంకే చూస్తూ నాలుగు ఆవులు. ఎక్కడో కోసిన గడ్డి వాసన. నెలల తరబడి నాలుగ్గోడలు చూసిన కళ్ళకి అంత ఆకాశం ఎక్కువైపోయింది. పెద్దాయన రెండు మడత కుర్చీలు తెచ్చి రెండూ వేశారు. ఒకదాంట్లో కూర్చున్నారు. రెండోది నాకేమో అని దగ్గరికెళ్ళబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను.

ఈ పొడుగు వల అప్పుడే చూశాను. ఆయన దాని నోరు ఒడ్డున ఒక కర్రకి బిగించి, మిగతాది ఏట్లోకి వదిలారు. పట్టిన చేపని అందులో వేస్తే నీళ్ళల్లోనే బతికుంటుంది. "చూశావా, చేప చివరిదాకా తాజాగా ఉండటానికి! ఎంత తెలివి!" అని నాన్న నా చెవిలో మురిసిపోయాడు.

మొదటి గంటలో ఏమీ లేదు. పెద్దాయన ఒక రాయి మీద బిస్కెట్లు పెట్టి వెనక్కి జరిగారు, నేను వెళ్ళి తెచ్చుకున్నాను. మేము అదే రాయి మీద పులిహోర పొట్లం పెట్టాం, ఆయన వచ్చి తీసుకున్నారు. ఇంతలో నాన్న బెండు నీళ్ళ మీద అడ్డంగా పడుకుంది.

తరవాత ఇక ఆగలేదు. ఇంగువ మహిమో ఏమో, నాన్నకి వరసగా పడ్డాయి. వెడల్పాటి చేపలు, ఒంటి నిండా జిగురు. పట్టుకుంటే మోచేతి దాకా బంక. పెద్దాయన పురుగులకి నాలుగు, నాన్న పిండి ముద్దకి ఏడు. ఒక్కొక్కటి వలలో వేసినప్పుడల్లా ఆయన పైకి లెక్కపెట్టేవారు. "పదకొండు" అన్నారు ఆఖరిదానికి. అది అన్నిటికన్నా పెద్దది.

"ఆయనొక్కడే కదా, మూడు చాలు. మనకి ఎనిమిది" అని గుసగుసలాడి, నాన్న అమ్మకి ఫోన్ చేశాడు. "చింతపండు నానబెట్టి మధ్యాహ్నం డ్యూటీకెళ్ళు. ఎక్కువే నానబెట్టు."

"సరేనండీ" అంది అమ్మ. గొంతులో ఆశ లేదు, నాన్న మనసు కష్టపెట్టడం ఇష్టం లేదు, అంతే.

పెద్దాయన ఫ్లాస్కు కోసం కారు దగ్గరికి వెళ్ళారు. నాన్న చుట్టూ చూశాడు. "ఆ పెద్దది ఇప్పుడే తీసి ఐసులో పెట్టేద్దాం. ఎండకి వాడిపోద్ది. పంచుకునేటప్పుడు చెబుదాంలే." ఇద్దరం వంగి వల పైకి లాగాం. నాన్న ఒక రాయి తీసి దాని తల మీద ఒక్కటే దెబ్బ వేశాడు. కంప్యూటర్ ముందు తప్ప నాన్నని ఎప్పుడూ చూడని నేను నిలువుగుడ్లేసుకుని చూశాను. ఆ చేతులు ఎవరివో అనిపించింది. చేప ఐసు డబ్బాలోకి వెళ్ళింది, దాని మీద తువ్వాలు పడింది.

సాయంత్రమైంది. పెద్దాయన గాలాలు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని వల పైకెత్తారు. నాన్న రెండు ప్లాస్టిక్ సంచులు విప్పి, నోళ్ళు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

పెద్దాయన వల అడుగు ఎత్తి, నోటిని ఏటి వైపు వంచేశారు.

చేపలన్నీ బిలబిలా జారి నీళ్ళల్లో పడిపోయాయి. ఒక క్షణం ఇత్తడి రంగు మెరిసింది, అంతే. నాన్న నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. సంచులు చేతుల్లో అలాగే ఉన్నాయి. నేనైతే ఆయనకి పిచ్చెక్కిందనుకున్నాను. రోజంతా పట్టి, కాపాడి, లెక్కపెట్టి, ఆఖరికి పారబోయడమా!

"ఎందుకు?" అన్నాడు నాన్న.

"ఎందుకేమిటి? ఇంటికెళ్ళాలి కదా అవి" అన్నారాయన. అంత పెద్ద చేపల్ని తీసుకెళ్ళడం ఇక్కడ చట్టం కూడా ఒప్పుకోదని, తన జన్మలో ఒక్కదాన్నీ చంపలేదని మామూలుగా చెప్పుకుపోయారు. నాన్న మొహం పాలిపోయింది. మా సిటిజన్‌షిప్ కాగితాలు అప్పుడింకా సర్కారు ఆఫీసులో ఉన్నాయి. గార్డుల, అంటే ఇక్కడి పోలీసుల, కారు దూరంగా కనిపిస్తేనే సీటు బెల్టు రెండుసార్లు చూసుకునే మనిషి.

అప్పుడు పెద్దాయన నీళ్ళకేసి చూస్తూ ఆగిపోయారు. "పది" అన్నారు. "పదే వెళ్ళాయి. పదకొండు లెక్కపెట్టానే." వలని దులిపి చూశారు. ఖాళీ కుర్చీ వైపు చూశారు. "లెక్క ఆమె చూసుకునేది" అన్నారు మెల్లగా.

నాన్న చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నేను నాన్న చొక్కా లాగాను కూడా. నాన్న ఐసు డబ్బా ఎత్తుకుని మా కారు వైపు నడిచాడు.

దారంతా నేను వెనక సీట్లో ఆ డబ్బా పట్టుకుని కూర్చున్నాను. వెనక్కి ఇచ్చేద్దామంటే దానికి ప్రాణం లేదు. పారేద్దామంటే ఇంట్లో చింతపండు నానుతోంది. "అమ్మ కోసమే కదా" అన్నాడు నాన్న ఒక మలుపు దగ్గర, నాతో కాదు. నాకు నాన్న మీద కోపం, జాలి రెండూ కలిసి వచ్చాయి.

ఇంటి వెనక రాతి పలక మీద ఉప్పూ పసుపూ వేసి రుద్ది రుద్ది జిగురు వదలగొట్టాడు. గోడ అవతలకి వినపడకుండా చిన్నగా రుద్దాడు. మెంతులు వేయించి, ఉల్లిపాయ నూరి, వెడల్పు దాకలో పులుసు పెట్టాడు. గరిటె పెట్టకుండా దాక చెవులు పట్టి తిప్పాడు. అమ్మ ఎనిమిదింటికి వచ్చేసరికి ఇంకా ఎండ వంటింట్లోకి పడుతోంది. స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి కూర్చుంది. పళ్ళెంలో వేడన్నం, పులుసు, నడిమ ముక్క.

నేనూ నాన్నా మా పళ్ళేలు ముట్టుకోలేదు. అమ్మ అలవాటుగా చేప ముక్కని వేళ్ళతో విప్పి, ముల్లు తీసి, అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలింది. ఆగిపోయింది. మొహం వికారంగా మారిపోయింది.

"ఛీ! ఏంటండీ ఇది? బురద కంపు! కడిగారా లేదా?"

 అమ్మే ముందు తెలుసుకుంది. చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏమండీ" అంది. "బురద కంపండీ."

నాన్న కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. నేను నా పళ్ళెంలోది నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేశాను. నిజంగానే బురద. మెంతులూ చింతపండూ దాన్ని దాచలేకపోయాయి. అమ్మ ఏడుస్తూ ఇంకో ముద్ద పెట్టుకుని, "ఛీ, ఎంత అసహ్యంగా ఉందో" అంటూ ఇంకోటి పెట్టుకుంది. తరవాత లేచి వంటింటి అల్మారాల తలుపులన్నీ తెరిచి ఒక్కో డబ్బా వాసన చూసింది. కాఫీ తెలియలేదు, ఏలకులు తెలియలేదు. ఆవనూనె కొద్దిగా తెలిసిందంది. అన్నీ ఒక్కసారి రాలేదు, కానీ దారి తెరుచుకుంది. నాన్న ఆ తలుపుల మధ్య ఆమె వెనకే తిరుగుతూ "ఇది? పోనీ ఇది?" అంటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున గోడ దగ్గర పెద్దాయన కనిపించారు. గడ్డం గీసుకోలేదు. ఆయన చెప్పింది విని మా సంతోషం కాస్తా ఆవిరైపోయింది. లెక్క తప్పానన్న దిగులుతో ఆయనకి నిద్ర పట్టలేదట. వాళ్ళ నాన్నకీ ఇలాగే మొదలైందట, చిన్న చిన్న లెక్కలతో. సోమవారం జీపీకి ఫోన్ చేస్తానన్నారు.

నాన్న గోడ మీద రెండు చేతులూ ఆనించాడు. "మీరు తప్పలేదండీ. పదకొండే. పదకొండోది నేను తీశాను. పులుసు పెట్టాను."

 పెద్దాయనకి మొదట ఏమీ అర్థం కాలేదు. తరవాత గోడ మీద అరచేత్తో గట్టిగా ఒక దెబ్బ వేశారు. "పదకొండు! నేనన్నాను కదా!" అప్పుడు రెండో సగం అర్థమైంది. మొహం ఎర్రబడింది. "చంపావా?" అన్నారు. "ఆ పెద్దదాన్ని? ఎన్నేళ్ళదో తెలుసా అది? నువ్వు నా పక్కనే నిలబడి, నన్ను నీళ్ళలో వెతకనిచ్చావు."

నాన్న తల దించుకుని అంతా చెప్పాడు. సంచులు తెరిచి పట్టుకున్న సంగతి, అమ్మ సంగతి, మూడు నెలల సంగతి. గార్డులకి చెప్పినా సరేనన్నాడు. ఆయన తన తలుపు వైపు తిరిగారు. లోపలికి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు.

"మీ ఆవిడ తిన్నదా?" అన్నారు.

"బురద కంపని తిట్టింది. మూడు నెలల్లో తనకి తెలిసిన మొదటి వాసన అదేనండీ."

ఆయన కళ్ళు పక్కకి తిరిగాయి. ఏటికి వేసుకెళ్ళిన కోటే ఇంకా ఒంటి మీదుంది. దాని చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "నాకు తెలియదు ఈ కంపు. అలవాటైపోయింది" అన్నారు. "మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపేసేది. కంపు కొడుతున్నావు, అది విప్పితేనే లోపలికి అనేది. నలభై ఏళ్ళు అదే మాట. ఇప్పుడు ఎలా వచ్చినా లోపలికి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు."

మా వెనక తలుపు తెరుచుకుంది. అమ్మ ఎప్పట్నుంచి వింటోందో తెలీదు. చెప్పులు లేకుండా గడ్డి మీద నడిచి, గోడకి రెండు మీటర్ల ఇవతల ఆగింది. మాస్కు లేదు. మెడ ముందుకి చాచి, కళ్ళు మూసుకుని గాలి పీల్చింది.

"కంపు కొడుతున్నారు" అంది ఇంగ్లీషులో, వార్డులో రోగుల్ని కసిరే గొంతుతో. "ఇక్కడిదాకా వస్తోంది. ఆ కోటు వేసుకునే పడుకున్నారా? విప్పండి ముందు. విప్పి బయట ఆరేసి, అప్పుడు వెళ్ళండి లోపలికి."

నాన్న బిత్తరపోయాడు. నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. పెద్దాయన గోడ పట్టుకుని, "మళ్ళీ అనండి" అన్నారు.

అమ్మ మళ్ళీ అంది.

ఆయన గుండీలు ఒక్కొక్కటీ తీసి కోటు విప్పారు.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆ లీజు అయ్యాక మేమూ ఇల్లు మారాం, ఇప్పుడు ఆ రెండిళ్ళలోనూ ఎవరుంటున్నారో తెలియదు. అక్కడున్నన్నాళ్ళూ, ఆయన ఏటికి వెళ్ళిన ప్రతి సాయంత్రం, అమ్మ డ్యూటీ నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా గోడ దగ్గరికి వెళ్ళి ఆయన్ని తిట్టి వచ్చేది. అమ్మ వచ్చేదాకా ఆయన బయటే నిలబడేవారు.